కళ్ళ డాక్టర్ దగ్గరికని చెప్పి

ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా నాకు ఏదీ చేయబుద్ధయ్యేది కాదు. పొద్దున లేవడమే పెద్ద పని. ఇష్టమైన లెక్కల పుస్తకం తెరిచినా ఏడుపొచ్చేది.

మా క్వార్టర్‌లో వైద్యులకు కొదవలేదు. అవ్వ ఎండుమిరపకాయలతో దిష్టి తీసి నిప్పుల్లో వేసింది. ఘాటు రాలేదు. "చూసినవా, ఎంత దిష్టి ఉన్నదో!" అని తెగ సంబరపడింది. అమ్మ వారానికి మూడుసార్లు కోడికూర వండింది. బొగ్గుబాయిలో పనిచేసే బాపు మాత్రం "అంత ఫోన్‌తోనే" అని ఫోన్ గుంజుకొని బీరువాలో దాచాడు. రెండు రోజులైనా నేను అడగలేదు. అప్పుడు ఆయనకు భయమేసింది.

మూడోరోజు ఆయన మొదటి షిఫ్టు నుంచి వచ్చి బూట్లు విప్పుతుంటే, "బతకబుద్ధి అయితలేదు బాపూ" అన్నాను. విప్పిన బూటు మళ్ళీ తొడుక్కున్నాడు. ఆ సాయంత్రమే దవాఖానకు తీసుకెళ్ళాడు.

"ఇది బద్ధకం కాదు, డిప్రెషన్. నయమైతది," అంది డాక్టరమ్మ. "మందులతోపాటు మాటలూ కావాలె. బిడ్డ చెప్పేటప్పుడు మీరు వినుండ్రి. సలహాలు చెప్పొద్దు."

బాపుకు అంతకన్నా చేదుమందు లేదు. రోజూ నా పక్కన కూర్చునేవాడు. సలహా గొంతుదాకా వచ్చేసరికి గుప్పెడు పల్లీలు నోట్లో పోసుకునేవాడు. ఆ తర్వాతి ఆరునెలల్లో నా దిగులు మెల్లగా తగ్గింది, ఆయన పొట్ట పెరిగింది.

కాలనీలో మాత్రం కళ్ళ డాక్టర్ దగ్గరికి పోతున్నామని చెప్పాడు. ఒకరోజు స్కూటర్ ఎక్కుతుంటే పక్కింటి అత్త ఎదురొచ్చింది.

"ఏంది అన్నా, ఇన్నిసార్లు తిరిగినా బిడ్డకు అద్దాలు రాలేదా?"

బాపు నావైపు చూశాడు. చెప్పమన్నట్టు తలూపాను.

"కళ్ళు మంచిగనే ఉన్నయి చెల్లె. మనసు బాగలేదు. మందులు వాడుతున్నం."

అత్త అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మా చిన్నది గూడ గట్లనే మూలకు కూసుంటాంది అన్నా. ఆ డాక్టర్ ఎక్కడుంటడు?"

ఆ తర్వాత మా కాలనీ నుంచి రెండు స్కూటర్లు బయల్దేరేవి. దవాఖానలో నేనూ అత్త కూతురూ గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు మాట్లాడుకునేవాళ్ళం. నేను ఏడాది ఆలస్యంగా పరీక్ష రాసి పాసయ్యాను. మందులు కూడా డాక్టరమ్మను అడిగే ఆపాను.

దవాఖానకు పోయిన రోజుల్లో తిరుగుదారిలో చౌరస్తా దగ్గర సమోసాలు తినేవాళ్ళం. మొదట్లో అత్త కూతురు ముట్టేది కాదు. ఒకరోజు తనది తినేసి నాదీ లాక్కుంది. "సిగ్గులేదే నీకు!" అని తిట్టి, అత్త ఇంకో నాలుగు తెమ్మని కేకేసింది.