గ్రహణం మొర్రి

పదో తరగతికి ఫిజిక్స్ చెబుతాను. సూర్యుడికీ భూమికీ మధ్య చంద్రుడు వస్తాడు, నీడ పడుతుంది, అంతే. బోర్డు మీద మూడు సున్నాలు చుట్టి ఏటా చెప్పే పాఠం. అలాంటివాడి ఇంట్లో, మా ఆవిడకు మూడో నెల నడుస్తుండగా, సూర్యగ్రహణం వచ్చి కూర్చుంది.

ముందురోజే మా అత్తగారు ఆత్రేయపురం నుంచి దిగారు. సంచిలోంచి ముందు దర్భలు తీశారు, ఆ తర్వాతే పూతరేకులు.

"రేపు గ్రహణం విడిచేదాకా అమ్మాయి కత్తిపీట ముట్టుకోకూడదండి. బిడ్డకి పెదవి చీలి గ్రహణం మొర్రి వస్తుంది" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. చంద్రుడి నీడకీ బిడ్డ పెదవికీ సంబంధం లేదని, అది ఎప్పుడో తేలిపోయిన విషయమని చెప్పాను.

"మరి ఆసుపత్రి బోర్డు మీద 'గ్రహణం మొర్రికి ఆపరేషన్' అని రాస్తారేంటండి? డాక్టర్లకి తెలీదా?"

"జనం అలా పిలుస్తారని రాశారండి. అది ఉత్త పేరే."

"పేరు ఊరికే వస్తుందా అండి? అయినా మొన్నటిదాకా కొబ్బరి తింటే గుండెకి చేటన్నారు, ఇప్పుడు మంచిదేనంటున్నారు. రేపు దీని గురించీ మాట మారుస్తారు. అప్పటికి పిల్ల పుట్టేస్తుంది కదండీ అల్లుడు గారూ?"

కొత్త ఆధారం దొరికితే తప్పు దిద్దుకోవడమే సైన్సు గొప్పతనమని క్లాసులో గొంతు చించుకుని చెబుతాను. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆవిడ భయపడుతున్నదీ దానికే కదా!

మా ఆవిడ మాత్రం నవ్వేసి, "మీరు చెప్పారుగా, నాకది చాలు" అంది. ఆ మాటతో నాకు కుదురు పోయింది. అత్తగారి భయం తప్పయితే పోయేదేమీ లేదు. నా ధైర్యం తప్పయితే?

మర్నాడు సాయంత్రం గ్రహణం పట్టింది. అట్టముక్కకు చిల్లు పెట్టి పిల్లలకు గోడ మీద సూర్యుణ్ణి చూపించాల్సిన మాస్టారు, ఒంట్లో బాగోలేదని సెలవు పెట్టి, హాలుకీ వంటింటికీ మధ్య తిరుగుతున్నాడు. మా ఆవిడ కత్తిపీట ముందేసుకుని బీరకాయ అందుకుంది.

"ఇలా ఇయ్యి, నేను తరుగుతాను" అని లాక్కున్నాను.

"ఎందుకూ?"

"మీ అమ్మగారు బాధపడతారు."

అత్తగారు గుమ్మంలో నిలబడి అంతా చూశారు. దెప్పినా బాగుండేది. చెప్పేవి శ్రీరంగనీతులు అని నన్ను నేనే తిట్టుకుంటూ తరిగాను. ఏ రెండు ముక్కలూ ఒక్కలా రాలేదు.

నెలలు నిండాక, పాలకొల్లు ఆసుపత్రిలో నర్సు గుడ్డలో చుట్టిన పాపను తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"కళ్లు అచ్చం మా అమ్మాయివేనండి" అని అత్తగారు మురిసిపోయారు.

నా చూపు ఇంకా కళ్లదాకా వెళ్లలేదు. ఏ చీలికా లేని పై పెదవి దగ్గరే ఆగి ఉంది.