నవిలితే మోగే చెవి

సహోదరులారా, అక్కచెల్లెళ్లారా, నా ఎడమ చెవిలో మొదట కీచురాయి దూరిందనుకున్నానండీ! ప్రార్థనకి కళ్లు మూస్తే చాలు కుయ్‌మని ఒకటే మోత, మందిరంలో పాట పాడుతున్నా అదే, పొయ్యి దగ్గర నిలబడ్డా అదే. రాజోలులో చెవి డాక్టరు గారు చూసి, చెవులు శుభ్రంగా ఉన్నాయమ్మా అన్నారు. ఇంకొకరైతే సంతోషించేవారు, నాకు మాత్రం భయం పట్టుకుంది. చెవి బాగుంటే మరి లోపల అరుస్తున్నది ఎవరండీ? దురాత్మే అనుకున్నాను!

అపవిత్రురాలిని, ప్రభువు శరీరమని ఇచ్చే రొట్టె ఎలా ముట్టుకుంటానని ప్రభువు బల్ల దగ్గరకి వెళ్లడం మానేశాను. వెనక బెంచీలో కూర్చునేదాన్ని. మా ఆయనకి కూడా చెప్పలేదు.

ఇంతలో సంఘంలో ఉపవాస ప్రార్థనలు పెట్టేరు. మంచినీళ్లతోనే ఉన్నాను, రోజురోజుకీ మోత సన్నబడి ఆఖరికి వినబడకుండా పోయింది! స్తోత్రం, వదిలిపోయిందని ఏడ్చేశాను. ఉపవాసం విడిచి ఇంటికొచ్చి, నాకు ఎండుకొబ్బరి నవలకపోతే పొద్దు గడవదు కదా, ఓ చిప్ప ముందేసుకు కూర్చున్నాను, అది అయ్యేలోగా మోత మళ్లీ వచ్చేసింది, ముందుకంటే గట్టిగా! 'ప్రభువా, నన్ను విడిచిపెట్టేసేవా? నేను నీ బిడ్డని కానా?' అని నేలమీద పడి ఏడ్చాను.

రొట్టె తీసుకోవడం లేదేమని పాస్టరమ్మగారు ఇంటికొచ్చేరు. అంతా చెప్పేశాను, చెబుతూ చెబుతూ కొబ్బరి నవులుతూనే ఉన్నాను, నా సంగతి అంతేనండీ! ఆవిడ నా మొహంవంకే చూసి, "నవిలినప్పుడల్లా నీ దవడ టక్కుమంటుందేంటమ్మా?" అన్నారు. "ఆయ్, ఎప్పట్నుంచో అంతేనండీ" అన్నాను.

ఆవిడే అమలాపురంలో పళ్ల డాక్టరు గారి దగ్గరకి తీసుకెళ్లేరు. ఆయన చెవి ముందు వేలు పెట్టి నొక్కి, నోరు తెరిచి మూయమంటే మోత పెరిగింది, తగ్గింది! దవడ కీలు చెవి పక్కనే ఉంటుందట, గట్టివి నమిలీ నిద్రలో పళ్లు కొరికీ అది దెబ్బతింటే కొందరికి చెవిలో ఇలా మోగుతుందట. పడుకునేటప్పుడు పళ్లకి తొడుగు ఇచ్చి, కొబ్బరి మానమన్నారు. ఉపవాసంలో నవలక దవడకి ఊరట దొరికితే మోత ఆగింది, దేవుడు చూపించింది ఇదే, నేనే దయ్యాన్ని వెతుక్కున్నాను!

మోత ఇంకా అప్పుడప్పుడూ సన్నగా వస్తుందండీ, అబద్ధమెందుకు? భయం మాత్రం పోయింది, దేవునికే మహిమ! పోయిన ఆదివారం రొట్టె తీసుకుని మెల్లగా నమిలేను, కళ్లనీళ్లు ఆగలేదు. ఎవరికీ చెప్పుకోలేని భయంతో వెనక బెంచీలో కూర్చున్నవారు మీలో ఉంటే, ప్రభువుని నమ్మి లేచి రండి. బల్ల దగ్గర నా పక్కన చోటుంది.