ఛానళ్ల మధ్య ఇరుక్కున్నాను

కిందటేడు జూలూరుపాడులోని మా ఇంటి పెద్ద హాలును మా ఆయన, మా మరిది కలిసి రెండు గదులుగా చేయించారు. ఒకటి మాకు, ఒకటి వాళ్లకు. ఖమ్మం నుంచి వచ్చిన పనివాళ్లు మధ్యలో అడ్డగోడ కోసం ఇనుప ఛానళ్లు వరసగా నిలబెట్టి, బోర్డులు బిగించే ముందు భోజనానికి వెళ్లారు.

ఆ సందుల్లోంచి అవతలి గది చూస్తుంటే నా కడుపు మండిపోయింది. కిటికీ ఎలాగూ వాళ్లకే వచ్చింది. గది కూడా వాళ్లదే పెద్దదనిపించింది. తలుపు వైపు నుంచి వెళ్తే నా తోడికోడలు సరిత చూస్తుంది. అందుకే కొలిచే టేపు పట్టుకుని, పక్కకు తిరిగి రెండు ఛానళ్ల మధ్య దూరాను. సగం దూరాక నడుము ఇరుక్కుంది. చీర స్క్రూకు పట్టుకుంది. ముందుకు పోలేను, వెనక్కి రాలేను.

అప్పుడే సరిత వచ్చింది.

“ఏందక్కా, గిట్ల ఇరుక్కున్నవ్?”

“ఛానళ్లు గట్టిగున్నయో లేదో చూస్తున్న,” అన్నాను.

సరిత నా చేతిలోని టేపు వంక చూసింది. స్క్రూ నుంచి చీర విడదీస్తూ మెల్లగా అంది.

“పొద్దున నేను గూడ కొలిచిన అక్కా. మీ దిక్కే జానెడు ఎక్కువొచ్చింది. అప్పటిసంది నాకు అన్నం దిగుతలేదు.”

సిగ్గుతో చచ్చిపోతున్న నాకు నవ్వు ఆగలేదు. ఆమె కూడా నవ్వుతూనే నన్ను తన గదిలోకి లాగింది.

అసూయ పోయిందని చెప్పను. వాళ్లకు ఏ కొత్త వస్తువు వచ్చినా నాకు కుదురుండదు. ఆమెకూ అంతే. కాకపోతే ఇప్పుడు దాచుకోవడం లేదు. మొహం మీదే అనేసుకుని, కలిసి టీ తాగుతున్నాం.