పచ్చబడిన కీబోర్డు

ఎండ పాడుచేసినదాన్ని ఎండే బాగుచేస్తుందంటే మీరు నమ్ముతారా?

భీమిలి బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒడిలో, పసుపురంగుకు తిరిగిన పాత కీబోర్డు ఉంది. ఆయన పాఠాలు చెప్పిన బడి, ఆ కీబోర్డు ఉన్న కంప్యూటర్ ఇంకా పనిచేస్తున్నా, చూడడానికి బాగోలేదని దాన్ని సోమవారం తుక్కుకు పంపనుందట. తెల్లగా చేసి చూపిస్తే ఉంచుతారట.

“సబ్బుతో రుద్దితే పోదా?” అన్నాను.

“మురికి కాదమ్మా, ఎండకి ప్లాస్టిక్కే పచ్చబడిపోనాది. జుట్టు రంగు పోడానికి రాసే పెరాక్సైడ్ క్రీము పూసి ఎండలో ఎట్టాల. బట్టతలోడికి క్రీమేటని సీతమ్మధార షాపులో ఒకటే నవ్వు!”

“మళ్లీ ఎండలోనా? మీ వాదన నిలవదు.”

“క్రీముంటేనే తెలుపమ్మా. ఉత్త ఎండైతే ఇంకా పచ్చన. నువ్వేటి, లాయరువా?”

అంతలో కిటికీలోంచి ఎండ పడింది. ఆయన తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి కీబోర్డుకు కప్పి, తన నెత్తిని ఎండకు వదిలేశారు.

మీ బడిలోని పాత కంప్యూటర్‌ను తుక్కులో వేసేముందు, దయచేసి ఒక్కసారి స్విచ్ వేసి చూడండి.