కంబళి సూటులో వానపాము పాఠం

ఆ రోజుల్లో ఇంగ్లండు పోయి చదువు చెప్పడం నేర్చుకోవాలంటే తెలివికన్నా ముందు చలికి సిద్ధం కావాలని మేమంతా గట్టిగా నమ్మేవాళ్ళం. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడి, ఆదోని తాలూకా బళ్ళారి జిల్లా నుంచి కర్నూలు జిల్లాలోకి వచ్చిన కాలమది. (జిల్లా మారింది గానీ ఎండ మారలేదు.) నేను ఎమ్మిగనూరు బళ్ళో ఇరవై నాలుగేళ్ళ సైన్సు అయ్యవారిని. వెనకబడిన దేశాల పంతుళ్ళకు అక్కడ ఏడాదిపాటు శిక్షణ ఇస్తారనీ, మా చుట్టుపక్కల తాలూకాలన్నిటికీ కలిపి ఒక్కరినే తీసుకుంటారనీ ఒక కాగితం వచ్చింది. ఆ ఒక్కడూ నేనే కావాలని నాకు పిచ్చి ఆశ. ఆ ఆశతోనే జొన్నరొట్టెను కత్తితో కోసి తినడం కూడా సాధన చేశాను.

కాగితం చివర ‘ఉన్ని సూటు తప్పనిసరి’ అని ఉంది. మాది మగ్గాల ఊరు, నూలుబట్టకు కొదవ లేదు. ఉన్ని అంటే మాత్రం కురుబవాళ్ళు నేసే నల్లకంబళి ఒక్కటే. మా అవ్వ తేల్చేసింది. “ఉన్ని అంటే గొర్రెబొచ్చే గదప్పా. మీ తాత నలభై ఏండ్లు దాన్నే కప్పుకున్యాడు, ఒక్కనాడన్నా చలి అన్న్యాడా?” కౌతాళం నుంచి కొత్త కంబళి తెప్పించి ఆదోనిలో దర్జీకి ఇచ్చాము. ఏ బట్ట ఇచ్చినా షేర్వానీలాగే కుట్టేవాడు గనక ఆయన్ను ఊరంతా షేర్వానీ మామ అనేది. “మూడు సూదులు ఇరిగినాయప్పా. ఇది బట్ట కాదు, గోడ. దీనికి దర్జీ సాలడు, బేల్దారి కావాల” అన్నాడు మామ, సూటు చేతికిస్తూ. కొత్త కంబళికి చింతగింజల గంజి దట్టంగా పెడతారు. ఉతికి ఆ గంజి వదిలించాలి. అవ్వ వద్దంది. “ఉతికితే మెత్తబడతాది. దొరల ముందర బిగువుగా ఉండల్ల.” అలా ఆ కోటు మా ఇంటి మూల ఎవరి సాయమూ లేకుండా నిలబడి ఉండేది.

ఇంటర్వ్యూ ఆదోని ముసాఫరు బంగళాలో, నడి మే నెలలో. సూటు తొడుక్కుని బస్సెక్కాను. మోచేతులు వంగవు. ఊరి పొలిమేర దాటకముందే చెమటలు పట్టి, లోపలి గొర్రె మేలుకుంది. కండక్టరు ముక్కు ఎగబీల్చి, “గొర్రెపిల్లను యాడ దాచినావు సామీ? వాసనొస్తాంది. దానికీ టికెట్టు తియ్యల్ల” అన్నాడు. సీట్ల కింద వెతికాడు. జనం కాళ్ళెత్తి సహకరించారు. చివరికి నా కోటు వాసన చూసి, నన్ను వెనక సీటుకు పంపించాడు.

బంగళాలో ఒక పొడుగు దొర, పక్కన మా బళ్ళ ఇన్‌స్పెక్టరు. పరికరాలు లేని బళ్ళో సైన్సు ఎలా చెబుతావని దొర అడిగాడు. దానికి నా దగ్గర బ్రహ్మాండమైన జవాబుంది, నాలుగు పేజీలు బట్టీ పట్టాను. నోరు తెరిచేసరికి వీపు మీద మొదలైంది దురద. గోక్కుందామంటే చేయి వెనక్కి పోదు. ఇక చేతులతో పని లేకుండా భుజాలు తిప్పాను, నడుము మెలితిప్పాను, సాగాను, ముడుచుకున్నాను. దొర నివ్వెరపోయి ఇదేమిటన్నాడు. దురద అన్నానంటే నా ఓడ అక్కడే మునుగుతుంది. “వానపాము పాకే తీరండీ. మా బళ్ళో ఇట్లాగే చెబుతాను” అనేశాను. దొర లేచి నిలబడి, మళ్ళీ ఒకసారి చేయమన్నాడు. (నాకు నటించాల్సిన అవసరమే లేదు.) మూడుసార్లు చేశాను. ఆయన నోటుపుస్తకంలో బొమ్మలు గీసుకున్నాడు. ఇన్‌స్పెక్టరు గారు కళ్ళు తుడుచుకున్నారు, ఎందుకో తెలియదు. చివర దొర నా చేయి పట్టుకుని ఊపాడు. కరిగిన గంజికి కాసేపు మా చేతులు విడిపోలేదు. ఆయన దాన్ని ఆప్యాయత అనుకున్నాడు. నన్నే ఎంపిక చేశామని ఇన్‌స్పెక్టరు అక్కడికక్కడే చెప్పారు.

మిగిలింది పక్కగదిలో వైద్య పరీక్ష. డాక్టరు కోటు విప్పించాడు. మెడ నుంచి నడుము దాకా ఎర్రటి దద్దుర్లు. “ఎన్నాళ్ళ నుంచి ఉంది?” అన్నాడు. “పొద్దున్నించే సార్. కోటు వల్ల.” “గజ్జి ఉన్నోళ్ళంతా ఏదో ఒకదాని మీద పెడతారప్పా” అని, పది దేశాల పంతుళ్ళకు అంటుకుంటుందని రాసిపారేశాడు. నా బదులు ఆలూరు అయ్యవారు పోయినాడు. ఆయన ఇంటర్వ్యూకి నూలు చొక్కాతో వచ్చాడు.

ఏడాది తర్వాత ఆయన తిరిగొచ్చి, అక్కడ నేర్చిన కొత్త పద్ధతులు మాకు నేర్పడానికి ఆదోనిలో మూడురోజుల తరగతి పెట్టాడు. మొదటి పాఠం వానపాము. ఎవరో పెద్ద దొర ఏదో మారుమూల దేశంలో కనిపెట్టిన పద్ధతట. మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టి మెలికలు తిరగమన్నాడు. అది నాదేనని నోటిదాకా వచ్చింది. చెబితే దురద సంగతీ చెప్పాలి, మింగేశాను. నా వంతు వచ్చింది. నూలు చొక్కాలో నాకు ఎంత ప్రయత్నించినా రాలేదు. “అట్ల గాదు తమ్ముడా, కొయ్యలెక్క ఉండావు” అని ఆయన నా నడుము పట్టుకుని తిప్పాడు. “అలవాటు లేక. ఆడ మేము దీన్ని రెండు నెల్లు నేర్సుకున్యాము.”

జాలిపడి సర్టిఫికెట్ ఇచ్చాడు. ఆ రోజు బస్సులో నేను నవ్వలేదు, ఏడుపొచ్చింది. ఇప్పుడు మాత్రం నవ్వొస్తుంది. ఆ బంగళాలో, ఓడ మీద ఆశతో అంతసేపు ఓర్చుకుని నిలబడ్డ ఆ కుర్ర అయ్యవారు ఇవాళ ఎదురైతే, నేను బుద్ధులేమీ చెప్పను. దగ్గరికి పిలిచి కాసేపు వీపు గోకుతాను.