అడ్డగోడ మీద మిరపకాయలు

ముత్తుకూరులో మా పుట్టింటి పక్కన ఉండే పెద్దమ్మ పోయింది. పొద్దున్నే తమ్ముడు కోవూరులో మా అత్తగారింటికి వచ్చి ఆ మాట చెప్పి, "అమ్మ నిన్ను తోడుకోని రమ్మనింది" అన్నాడు. ఆమె మాకు చుట్టం కాదు. అయినా బస్సు ఊరు చేరేదాకా నాకు కన్నీళ్లు ఆగలేదు. ఆమె పండించిన మిరపకాయల కారం తిని పెరిగినదాన్ని.

పెద్దమ్మకు పిల్లలు లేరు. పెదనాన్న పోయాక ఆ ఇంట్లో ఒక్కతే ఉండేది. మాది సముద్రం గాలి తగిలే ఊరు, బావి నీళ్లు ఉప్పన. ఆ నీళ్లకు మిరప బతకదని అందరూ వదిలేస్తే, ఆమె మాత్రం మంచినీళ్లు బిందెతో మోసుకొచ్చి పెరడంతా మిరప పెంచింది. మా ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లు కూడా పారబోయనిచ్చేది కాదు, అడిగి పట్టుకెళ్లేది. ఆకు ముడుచుకుంటే పొయ్యిలో బూడిద చల్లేది. పొద్దున్నే కాయ కోయబోతే ఎవరినైనా సరే కసిరేది.

"మంచు ఆరనీండి. తడికాయ కోస్తే బూజు పడతాది."

కోసినప్పుడల్లా మొదటి దోసెడు మాకే. కానీ చేతికి ఇచ్చేది కాదు. ఉప్పూ మిరపకాయలూ చేతికిస్తే తగువు వస్తుందని మా వైపు పట్టింపు. రెండు పెరళ్ల మధ్య అడ్డగోడ మీద పెట్టి, "పెట్టుండా, తీసుకోమే" అని కేకేసేది. అమ్మ వెళ్లి తీసుకునేది.

ఇంత జాగ్రత్తపడినా తగువు రానే వచ్చింది. నయాపైసలు కొత్తగా వచ్చిన ఏడాది మా కోళ్లు గోడెక్కి అటు దూకి, మిరపనారు మొత్తం గీకి పారేశాయి. పెద్దమ్మ గోడ దగ్గర నిలబడి నాలుగు మాటలు అంది. మా అమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

"కడుపున ఒక కాయ కాసుంటే ఈ మొక్కల కోసం ఇంత ఏడవవులే!"

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి మాటల్లేవు. అమ్మ కంచం ముందు కూర్చుని, తినకుండానే లేచిపోయేది. తాను ఎంత మాట అన్నదో ఆమెకు తెలుసు. గోడ దగ్గరికి వెళ్లడానికి మొహం చెల్లలేదు, అంతే. పెద్దమ్మ మళ్లీ నారు పోసి నాటుకుంది. తొలికోత నాడు గోడ మీద దోసెడు మిరపకాయలు కనిపించాయి. కేక మాత్రం వినపడలేదు. అమ్మ వాటిని చూసి ఏడ్చింది. బియ్యం కడిగిన నీళ్లు చెంబుతో తెచ్చి గోడ మీద పెట్టింది. కొన్నాళ్లకు మాటలు కలిశాయి. ఆ ఒక్క మాట ఊసు మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. క్షమించమని అడగలేకపోయానన్న బాధ అమ్మకు ఇన్నేళ్లూ ఉండిపోయింది.

పోయే ముందురోజు, గంజి పట్టుకెళ్లిన అమ్మను పెద్దమ్మ మంచం మీద కూర్చోబెట్టుకుందట. దిండు కింద నుంచి గుడ్డమూట తీసిందట. విత్తనానికి దాచిన ఎండుమిరపకాయలు.

అమ్మ అలవాటుగా, "కింద పెట్టక్కా, తీసుకుంటా" అంది.

"చెయ్యి చాపుమే. ఇంక మనం తగువులాడుకునేదానికి పొద్దేడుంది?"

అమ్మ చెయ్యి చాపింది. "అక్కా, ఆ పొద్దు నేను..." అనబోతే, పెద్దమ్మ ఆ కాయలతో సహా అమ్మ పిడికిలి మూసి గట్టిగా పట్టుకుందట.

"మొక్కలకి నీళ్లు పొయ్యి. ఇంకేం చెప్పబాక."

అంతా అయిన మర్నాడు, మంచు ఆరాక అమ్మ ఆ పెరట్లోకి వెళ్లి పండిన కాయలు కోసింది. ఒడి నిండాక మొదటి దోసెడు తీసి అడ్డగోడ మీద పెట్టింది. వీధిలోంచి చుట్టూ తిరిగి మా పెరట్లోకి వచ్చింది. గోడకు ఇవతల, కేక కోసం చూస్తున్నట్టు చాలాసేపు నిలబడింది. తర్వాత రెండు చేతులా ఆ కాయలు తీసుకుంది.