ఎపాక్సీ పట్టని షెడ్డు

2022 వేసవి. పర్చూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే దారిలో ఒక ఊళ్లో, ఇంటి పక్కనే వేసుకున్న రేకుల షెడ్డు. ఒంగోలులో నేను ఫ్లోర్ కోటింగ్ పని మొదలుపెట్టి అప్పటికి చాలా ఏళ్లయింది. గ్రానైట్ ఫ్యాక్టరీలు, కోల్డ్ స్టోరేజీలు, వేటపాలెం జీడిపప్పు యూనిట్లు, ఇలాంటి చోట్ల నేలకి ఎపాక్సీ వేయడం మా పని. ఎపాక్సీ అంటే రెండు డబ్బాల్లో వచ్చే పూత. ఒకదాంట్లో రెజిన్, రెండోదాంట్లో హార్డెనర్ ఉంటాయి. విడివిడిగా ఉన్నన్నాళ్లూ రెండూ బుద్ధిగా పడుంటాయి. కలిపితే వేడెక్కి, గట్టిపడి, కాంక్రీటుని పట్టుకుంటాయి. పట్టుకోకపోతే మా పరువు బజారున పడుతుంది.

ఇంటి గ్యారేజీకి ఎపాక్సీ కావాలని అడిగేవాళ్లలో ఎక్కువమంది కారు పెట్టుకుని మురిసిపోయే రకం. కోటేశ్వరరావు గారు ఆ రకం కాదు. ట్రాక్టర్లు, మిరప చేలకు మందు కొట్టే ఇంజిన్ పంపులు ఆ షెడ్డులోనే బాగుచేసేవారు. రెండేళ్ల కిందట జాకీ జారి ట్రాక్టరు ఆయన కాళ్ల మీదికి ఒరిగింది. ప్రాణం దక్కింది గానీ మోకాళ్లు మళ్లీ వంగలేదు. అప్పటినుంచి షెడ్డు మూతబడింది. వాళ్ల అన్నగారు మిరప బస్తాలు పెట్టుకోవడానికి తాళం అడుగుతున్నారు.

కోటేశ్వరరావు గారు ఒక ఉపాయం ఆలోచించారు. చక్రాల మీద పొట్టి బల్ల ఒకటి చేయించుకున్నారు. దానిమీద కాళ్లు చాపుకుని కూర్చుని, చేతుల్తో నెట్టుకుంటూ షెడ్డంతా తిరగొచ్చని ఆయన ఆశ. కానీ ఆ నేల సంగతి చూస్తే, సిమెంటు పైపొర లేచిపోయి, ఎక్కడికక్కడ గోతులు. బల్ల రెండడుగులు కదిలి ఆగిపోయేది.

"వానలు పడి నార్లు పోసే టయానికి పంపులన్నీ రిపేరుకొస్తాయమ్మా. ఆలోపు నేల బాగుపడితే నా పని నేను చేసుకుంటా. లేదంటే అన్నయ్యకి తాళం ఇచ్చేస్తా," అన్నారు మొదటిరోజే.

ఆయన భార్య నాగమణి గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. "తాళం ఇచ్చేస్తే ఈయన మంచం దిగరు," అన్నారు నాతో, ఆయన వినేట్టుగానే.

పూత ఎంచుకోవడానికి కూర్చున్నాం. చిలకలూరిపేటలో ఏదో కొట్లో నేలకి వేసే పెయింటు డబ్బాలు చూశారట. రెండు చేతులు వేస్తే సరిపోతుందన్నాడట కొట్టతను. అది వద్దన్నాను. అలాంటివి కాగితమంత పల్చగా ఉంటాయి. ఎండలో తిరిగొచ్చిన ట్రాక్టరు టైరు వేడిగా వచ్చి నిలబడితే, తీసేటప్పుడు పూత కూడా టైరుకి అంటుకుని లేచొస్తుంది. నీళ్లలో కలిపే ఎపాక్సీ ఇంకోటి ఉంది. వాసన తక్కువ, వేయడం తేలిక. కానీ జాకీ స్టాండ్ల బరువుకి, రోజూ కారే డీజిలుకి అది నిలవదు. ఆయనకి కావలసింది సాల్వెంట్ లేని, అంటే ఆవిరైపోయే ద్రవమేదీ కలపని, రెండు మిల్లీమీటర్ల మందాన పోసే సెల్ఫ్ లెవెలింగ్ ఎపాక్సీ. పోస్తే తనంతట తానే సమంగా పరుచుకుంటుంది. షట్టర్ దగ్గర ఎండ పడుతుంది కాబట్టి పసుపు రంగుకి తిరక్కుండా పైన పీయూ, అంటే పాలీయురెథేన్, కోటు ఒకటి.

పని జరిగే గ్యారేజీలో కాలు జారకుండా పూతలో సన్నటి ఇసుక చల్లుతాం. ఇక్కడ ఇసుక చల్లితే బల్ల కదలదు, చల్లకపోతే నాగమణి గారు తడికాళ్లతో జారతారు. చివరికి గుమ్మం వెంట మూడడుగుల పట్టీకి ఇసుక, లోపలంతా నున్నగా అని తేల్చుకున్నాం. రంగు మాత్రం ఆయనే చెప్పారు.

"లేత బూడిద రంగు వేయండమ్మా. చిన్న స్క్రూ కింద పడినా కనపడాలి. వంగి వెతుక్కునే యోగం నాకు లేదుగా."

ఆ ప్రాంతం నల్లరేగడి నేల. వాన పడితే నీళ్లు పట్టుకుని వదలదు. కింద నుంచి చెమ్మ వస్తే ఎపాక్సీ బొబ్బలెక్కుతుంది. అందుకని నాలుగు చోట్ల పాలిథిన్ షీట్లు పరిచి, అంచులకు టేపు వేసి వెళ్లాం. మర్నాడు తీసి చూస్తే చెమ్మ జాడ లేదు. గ్రైండింగ్ మిషన్‌తో పైపొర గీకించాను, గోతులు పూడ్పించాను, దుమ్మంతా వాక్యూమ్‌తో లాగించాను. వెళ్తూ వెళ్తూ, "పొద్దున్నే ప్రైమర్ వేస్తాం, ఎవరూ తొక్కకండి, శుభ్రంగా ఉంచండి," అన్నాను. ప్రైమర్ అంటే కాంక్రీటులోకి ఇంకి, పై పూతకి పట్టునిచ్చే మొదటి కోటు.

తెల్లారి వచ్చేసరికి నేల మేము వదిలిన దానికన్నా శుభ్రంగా ఉంది. నాకు ముచ్చటేసింది. ఇలాంటి ఇంటివాళ్లు అందరికీ దొరకరు అనుకున్నాను.

మస్తాన్ మా హెడ్ మేస్త్రీ. పదేళ్లుగా నాతోనే ఉన్నాడు. ప్రైమర్ కలిపి, రోలర్‌తో గోడవైపు నుంచి మొదలుపెట్టాడు. కాసేపటికి, "మేడమ్, ఇట్టా రండి," అని పిలిచాడు. నేలంతా అమ్మవారు పోసిన మొహంలా ఉంది. రూపాయి బిళ్లంత గుంటలు. ఒక్కో గుంట మధ్యలో బోడి కాంక్రీటు, చుట్టూ గట్టులాగా ప్రైమర్. మా పనిలో వీటిని ఫిష్ ఐస్ అంటాం. మస్తాన్ మళ్లీ రోలర్ తిప్పాడు. గుంటలు పూడాయి. మేము చూస్తుండగానే మళ్లీ తెరుచుకున్నాయి.

మామూలుగా నూనె మరకలున్న చోట ఒకటో రెండో కనిపిస్తాయి. ఇలా నేల నేలంతా రావడం నేనెప్పుడూ చూడలేదు. డీజిలు మరకలేమో అనుకుంటే, ట్రాక్టర్లు ఎప్పుడూ నిలపని మూలల్లో కూడా ఉన్నాయి. హార్డెనర్ చెడిపోయిందేమో అని అదే డబ్బాలోది ప్లైవుడ్ ముక్క మీద వేసి చూశాం. అద్దంలా వచ్చింది. ఇక మిగిలింది కలపడంలో తేడా.

"కొలత సరిగ్గానే వేశావా?" అని మస్తాన్‌ని అడిగాను.

"ప్లైవుడ్ మీద వేసింది కూడా నేను కలిపిందే కదా మేడమ్," అన్నాడు. ఆ ముక్క నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

వేసిందంతా ఆరనిచ్చి, మళ్లీ గీకించి, రెండోసారికి సిద్ధం చేశాం. కోటేశ్వరరావు గారు షట్టర్ బయట బల్ల మీద కూర్చుని చూస్తూనే ఉన్నారు. ఏం జరిగిందని అడిగారు. "రేపు బాగా వస్తుందండి," అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు.

మర్నాడు గుంటలు రెట్టింపయ్యాయి.

నా బుర్ర పనిచేయడం మానేసింది. ఎపాక్సీ కంపెనీ టెక్నికల్ వాళ్లకి ఫోటోలు పంపితే, ఎక్కడో సిలికాన్, అంటే పాలిష్‌లలో, క్రీముల్లో ఉండే జారుడు పదార్థం, తగిలిందన్నారు. సిలికాన్ ఉన్నచోట ఎపాక్సీ నిలబడదు, ముట్టకూడని దాన్ని ముట్టినట్టు వెనక్కి ముడుచుకుంటుంది. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ మిరప చేల మధ్య రేకుల షెడ్డులోకి సిలికాన్ ఎక్కడినుంచి వస్తుంది? టైర్లకి మెరుపు కోసం రాసేదేమైనా వాడారా అంటే, ట్రాక్టరు టైరుకి మెరుపేంటమ్మా అని నవ్వారు ఆయన. మా రోలర్లు మార్చాం. చేతులకు రాసుకునే క్రీములేమైనా ఉన్నాయేమోనని కుర్రాళ్లందరి చేతులూ సబ్బుతో కడిగించాను. మస్తాన్ తలకి పెట్టుకునే నూనె గురించి కూడా అడిగాను. ఇంకొక్క మాట అంటే బస్సెక్కి ఒంగోలు పోయేవాడే.

ఆ సాయంత్రం నాగమణి గారు టీ తెచ్చి నా పక్కన నిలబడ్డారు. "చెప్పమ్మా, ఇది అవుతుందా కాదా? ఈయన రాత్రి అన్నం తినలేదు. నా షెడ్డుకి నేనే పనికిరాకుండా పోయా, పూత కూడా పట్టటల్లేదు అంటన్నారు," అన్నారు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. డబ్బులు వెనక్కిచ్చేసి వెళ్లిపోదామని ఒక క్షణం అనిపించింది. నాకు తెలియని నేల మీద నేనేం చేయగలను అనిపించింది. ఊరికే కూర్చోలేక షెడ్డులో ఆ చివర నుంచి ఈ చివరికి నడుస్తున్నాను. వెనక గోడ వారన పెద్ద ఇనప బల్ల ఉంది, ముక్కల్ని కదలకుండా పట్టే వైస్ బిగించి ఉన్నది. దాన్ని జరపడం నలుగురి వల్ల కూడా కాలేదని కింద చేతి గ్రైండర్‌తోనే గీకి, చిన్న రోలర్‌తో ప్రైమర్ వేశాడు మస్తాన్. టార్చి వేసి కిందికి వంగి చూశాను. అక్కడ ఒక్క గుంట లేదు. అదే డబ్బా, అదే చెయ్యి, అదే కాంక్రీటు. బల్ల కాళ్ల మధ్య మాత్రం ప్లైవుడ్ మీద వచ్చినంత నున్నగా వచ్చింది.

కాసేపు ఇంకా అయోమయంగా అనిపించింది. మస్తాన్‌ని పిలిచి చూపిస్తే వాడూ తల గోక్కున్నాడు.

కోటేశ్వరరావు గారిని లోపలికి రమ్మన్నాను. "ఈ ఇనప బల్ల కింద బాగా వచ్చిందండి. అక్కడ మీరేమైనా వేరేగా చేశారా?"

ఆయన టార్చి వెలుగులోకి తొంగి చూసి, "అక్కడేమీ చేయలేదమ్మా. నా బల్ల దాని కిందికి దూరదుగా. అందుకని అక్కడ పట్టించలేదు," అన్నారు.

"ఏం పట్టించలేదు?"

"జిగురు మందు."

నేనూ మస్తానూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మిరపకి పురుగుమందు కొట్టేటప్పుడు అందులో ఈ జిగురు మందు కొద్దిగా కలుపుతారు. అది లేకపోతే మందు బొట్లుబొట్లుగా ఆకు మీంచి జారిపోతుంది, ఉంటే ఆకంతా పల్చగా పరుచుకుని పట్టుకుంటుంది. పంపులు బాగుచేసే మనిషి కాబట్టి ఆయన ఇంట్లో ఎప్పుడూ ఒక సీసా ఉంటుంది.

"మీరు పొద్దున్నే వేస్తామన్నారు కదా, శుభ్రంగా ఉంచమన్నారు కదా. ఎటూ తుడుస్తున్నాం, బకెట్లో రెండు మూతలు అది కూడా వేస్తే రంగు బాగా పట్టుకుంటుందనుకున్నా. మందు ఆకుని పట్టుకున్నప్పుడు రంగు నేలని పట్టుకోదా? మొదటిసారి గుంటలు పడినాయి, డోసు చాలలేదేమో అని రెండోసారి నాలుగు మూతలు పోశా."

సీసా తెప్పించి చదివాను. సన్నటి అక్షరాల్లో ఉంది సిలికాన్. ఆకు మీద నీటిని పరిచే గుణమే మా పూతని వెనక్కి తోలేస్తోంది. ఎండాకాలం కాబట్టి తెల్లారేసరికి తడంతా ఆరిపోయేది. చూసేవాళ్లకి శుభ్రమైన నేలే కనిపించేది. ఇన్నేళ్లలో నేను చదివిన ఏ డేటా షీటులోనూ దీని గురించి లేదు.

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. "పూతకి ముందు నేల మీద ఏదైనా పోసేటప్పుడు ఒక్క మాట నాతో అనొద్దా అండీ?" అన్నాను, గొంతు కాస్త పెంచే.

ఆయన తల వంచుకున్నారు. నాగమణి గారు అడ్డొచ్చారు. "నేను తుడుస్తానంటే ఒప్పుకోలేదమ్మా. బల్ల మీద కూర్చుని, గోతులు పూడ్చారు కదా, ఇప్పుడు కదులుతుంది చూడు అంటా, గుడ్డ పట్టుకుని వెనక్కి నెట్టుకుంటా, షెడ్డంతా ఆయనే తుడిచారు. రెండు సాయంత్రాలూ."

"రెండేళ్లయింది కదమ్మా ఈ షెడ్డులో చెయ్యి పెట్టి. మీరంతా ఎండలో చేస్తుంటే బయట కూర్చుని చూడటం నా వల్ల కాలేదు," అన్నారు కోటేశ్వరరావు గారు.

నా కోపం అక్కడితో పోయింది. మస్తాన్ వైపు తిరిగాను. వాడు అప్పటికే పనిలో పడ్డాడు. సబ్బునీళ్లు, బ్రష్షులు, వేడినీళ్లు అని కుర్రాళ్లకి పురమాయిస్తున్నాడు.

సిలికాన్ ఉన్న నేలని ఉన్నపళాన గ్రైండ్ చేస్తే అది ఇంకా పూసుకుపోతుంది. ముందు డిటర్జెంటుతో రుద్ది కడిగాం, నీళ్లు లాగేశాం, ఆరాక గీకాం, ఆ తర్వాత షట్టర్ పూర్తిగా తెరిచిపెట్టి సాల్వెంట్‌లో ముంచిన గుడ్డలతో తుడిచాం. ఒకసారి తుడిచిన గుడ్డని మళ్లీ నేల మీద పెట్టనివ్వలేదు. నాలుగు చోట్ల అరచేతంత ప్రైమర్ వేసి చూశాం. మూడు బాగా వచ్చాయి, నాలుగోది మళ్లీ గుంట పడింది. ఆ మూలంతా మళ్లీ మొదటినుంచి చేశాం. అప్పుడు నేలంతా ప్రైమర్ గుంట లేకుండా పట్టింది.

ఈసారి సాయంత్రం వెళ్తూ నేలని ముట్టుకోవద్దని ఆయనతో చెప్పబోయి ఆగాను. "పొద్దున పూత కలపడం మీ పని," అన్నాను. రెజిన్, హార్డెనర్ తూకం వేసి, డ్రిల్లు మిషన్‌తో కలిపి, ఇంత సేపట్లో పోసేయాలి, లేకపోతే బకెట్లోనే గట్టిపడుతుంది. అది కూర్చుని చేసే పనే. మస్తాన్ తన తూకం మిషన్ ఎవరి చేతికీ ఇవ్వడు. ఆ రోజు తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాడు.

షట్టర్ దగ్గర కూర్చుని ఆయన కలిపారు, మేము పోశాం. మధ్యలో ఒకసారి మస్తాన్ ఆలస్యం చేస్తే, "ఏరా, బకెట్టు వేడెక్కుతా ఉంది, మాటలాపి పట్టుకుపో," అని కేకేశారు. మా కుర్రాళ్లంతా నవ్వారు. నాగమణి గారు నవ్వలేదు. కొంగుతో కళ్లొత్తుకుని లోపలికి వెళ్లిపోయారు.

పీయూ కోటు ఆరి, బండి ఎక్కించేంత గట్టిపడటానికి వారం పట్టింది. వానలకి ముందే పంపులు రావడం మొదలయ్యాయి. అన్నగారు బస్తాలకి ఇంకో చోటు చూసుకున్నారు. ఆ నేల ఇప్పటికీ ఉంది. జాకీలు ఆనిన చోట గీతలు పడ్డాయి గానీ ఎక్కడా లేవలేదు.

ఆ షెడ్డు తర్వాత నా పనిలో రెండు మార్పులు వచ్చాయి. ఊళ్లలో పని ఒప్పుకుంటే, నేల మీద ఏమేం పోశారని అడిగేటప్పుడు పురుగుమందుల పేర్లు కూడా అడుగుతాను. రెండోది, "ఈ పనిలో మీరేం చేస్తారండీ?" అని ఇంటివాళ్లని అడుగుతాను. చాలామంది వింతగా చూస్తారు, డబ్బులిస్తాం కదా అంటారు. అయినా అడుగుతూనే ఉన్నాను. ఆ మాట మొదటిరోజే అడిగి ఉంటే, కోటేశ్వరరావు గారు మేమంతా వెళ్లిపోయేదాకా ఆగి, ఆ నేలంతా ఒక్కరే తుడుచుకుని ఉండేవారు కాదు.